ఫోను మోగితే బయటికి పోయే మనిషి

నా దుకాణంలో నా ఫోను మోగితే లేచి బయటికి పోయిన మనిషి ఆయన ఒక్కడే. మిగతా వాళ్ళు నేను హలో అనగానే కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంటారు. ఆయన మాత్రం చేతిలో టీ గ్లాసు ఉంటే గ్లాసుతోనే లేచి, చెప్పులు తొడుక్కుని, దుకాణం ముందు మురుగు మోరీ మీద పరిచిన బండ దాకా పోయి, రోడ్డు వైపు మొహం పెట్టి నిలబడేవాడు. మాట్లాడడం అయిందని నేను చెయ్యి ఊపితేనే లోపలికి వచ్చేవాడు. ఒకసారి వానలో కూడా పోయాడు. "మా ఇంట్ల కూర ఏం వండాల్నని అడుగుతున్నరు సార్, గంతే. కూసోండి" అన్నాను. "కూరైనా సరే బిడ్డా" అని తడుస్తూనే నిలబడ్డాడు.

పోయిన సోమవారం ఆయన ఇంటి పై గదిలో అద్దెకుండే లెక్చరరమ్మ ఫోను చేసి, సార్ తెల్లవారుజామున పోయాడని చెప్పింది. దుకాణంలో అప్పుడు ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఆమె మాట వింటూ వింటూ నేను ఎప్పుడు లేచానో తెలియదు. ఫోను పెట్టేసి చూసుకుంటే మోరీ బండ మీద నిలబడి ఉన్నాను.

ఆయన్ను నేను మొదట్లో నమ్మలేదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. లేకపోతే చచ్చినవాళ్ళందరూ మంచివాళ్ళే అన్నట్టు రాస్తున్నానని అనుకుంటారు.

నిజామాబాద్‌లో ఇళ్ళకు బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వస్తున్న రోజులవి. ఖలీల్‌వాడిలో ఒక మెడికల్ షాపు పక్కన నాకు కంప్యూటర్లు బాగు చేసే దుకాణం ఉండేది, ఇప్పటికీ ఉంది. ఆడమనిషి స్క్రూడ్రైవరు పట్టుకుంటే చూడడానికి వచ్చేవాళ్ళు కొందరు, నిజంగా పని ఉండి వచ్చేవాళ్ళు కొందరు. ఈయన రెండో రకం. ఒక పాత కంప్యూటర్ కావాలన్నాడు. దేనికని అడిగితే, చర్చిలో ముసలివాళ్ళకు పాటల పుస్తకం కనబడడం లేదని, పాటలు పెద్ద అక్షరాలతో కొట్టి పంచుతానని అన్నాడు. మెథడిస్టు చర్చికి పోయేవాడు. రాగానే వందనాలు అనేవాడు, పోయేటప్పుడు మళ్ళీ వందనాలు.

ఆయన మాట వినాలంటే మనం ముందుకు వంగాల్సిందే. అంత మెల్లగా మాట్లాడేవాడు. ఎదుటివాళ్ళు ఏదైనా చెబుతుంటే కుడి చెవి తమ్మెను రెండు వేళ్ళతో పట్టుకునేవాడు. ఆ అలవాటు ఎక్కడిదో రెండో రోజే తెలిసింది. "ఏం నౌకరీ చేసిండ్రు సార్?" అని అడిగాను.

"టెలిఫోన్ ఎక్స్‌చేంజిల. బోధన్ల. ఆపరేటర్" అన్నాడు.

నా చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. మా ఇంట్లో ఆపరేటర్ అన్నది నౌకరీ పేరు కాదు, తిట్టు.

మాది బోధన్. మా బాపు షుగర్ ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు దించే యార్డులో పనిచేసేవాడు. నాకు పదేళ్ళప్పుడు మా అక్కకు ఏర్గట్ల ఊరి సంబంధం ఖాయమైంది. పసుపు పండించే ఇల్లు, మంచివాళ్ళు. అక్కకు అంతకు ముందు రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోతే బాపు తమ్ముడు, మా కాక, హైదరాబాద్ తీసుకుపోయి పరీక్షలు చేయించాడు. రిపోర్టు వచ్చాక, ఆపరేటర్ కలిపే ట్రంక్ కాల్ చేసి బాపుకు చెప్పాడు. ఆ సంగతి ఇంట్లో మా అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. నాలుగో రోజుకల్లా ఏర్గట్ల వాళ్ళు మనిషిని పంపారు. పిల్లకు ఫిట్సు అని తెలిసింది, మాకు వద్దు అన్నారు.

ఎవరు చెప్పి ఉంటారు? ఫోను కలిపినవాడే. ఆ రోజుల్లో ఆపరేటర్ ఒక మీట నొక్కితే చాలు, ఎవరి మాటలైనా వినొచ్చని ఊరందరికీ తెలుసు. బాపు ఎక్స్‌చేంజి గుమ్మంలో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టి వచ్చాడు. ఆ మనిషి చెవికి పెట్టుకున్న హెడ్‌ఫోను తీయకుండా, స్విచ్‌బోర్డు వైపే చూస్తూ కూర్చున్నాడట. "మాట రాలే వానికి. తప్పు చేసినోనికి ఏడికెళ్ళి వస్తది?" అని బాపు వందసార్లు చెప్పాడు. తర్వాత ఆయన్ను వేరే ఊరికి బదిలీ చేశారు. అంతకు ముందు బోధన్‌లో ఆయన చాయ్ హోటల్లోకి వస్తే మాట్లాడేవాళ్ళు నోరు మూసుకునేవాళ్ళనీ, చెవులాయన అని పేరు పెట్టారనీ తర్వాత విన్నాను. మా బాపు మాత్రం ఆ తర్వాత ఫోను చేయాలంటే బస్సెక్కి నిజామాబాద్ వచ్చి చేసేవాడు. అక్క రెండేళ్ళు గడప దాటలేదు. నేను బడి నుంచి వచ్చేసరికి గోడ వైపు తిరిగి పడుకుని ఉండేది.

అందుకే "మీదే ఊరు బిడ్డా?" అని ఆయన అడిగినప్పుడు కావాలనే విడమర్చి చెప్పాను. "బోధనే సార్. ఫ్యాక్టరీ క్వార్టర్ల పక్క గల్లి."

బోధన్ మనిషి ఎవరైనా ఆ తర్వాత అడిగే మాట ఒకటే ఉంటుంది, ఎవలి బిడ్డవు అని. ఆయన అడగలేదు. చెవి తమ్మె పట్టుకుని, కాసేపు కీబోర్డు వైపు చూసి, "పాటలు కొట్టుటానికి తెలుగు అక్షరాలు పెట్టియ్యి" అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుందని అనుకున్నాను. ఫోను మోగితే బయటికి పోవడం కూడా నాకు వేషంగానే కనబడింది. పిల్లి తీర్థయాత్రలకు పోయినట్టు.

ఆయనకో మాట ఉండేది. "దేవుడు అన్ని వింటడు, ఎవలకు చెప్పడు. ఆపరేటర్ గూడ గట్లనే ఉండాలె." ఈ మాట అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. మా అక్క సంగతి ఏర్గట్లకు దేవుడు మోసుకుపోయాడా అని నోటిదాకా వచ్చేది. దుకాణానికి వచ్చిన గిరాకీ కదా, మింగేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బిడ్డా, నా మీద ఒక మాట వచ్చింది. జర ఇంటికొచ్చి చూసిపో."

విషయం ఏమిటంటే, ఆయన ఇంటి పై గదిలో బాల్కొండ అమ్మాయి ఒకామె అద్దెకుంటుంది. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. బ్రాడ్‌బ్యాండ్ డబ్బా ఆయన ముందు గదిలో ఉంటుంది. అక్కడి నుంచి ఒక వైరు ఆయన కంప్యూటర్‌కు, ఇంకో వైరు కిటికీ ఊచల్లోంచి పైకి, ఆమె కంప్యూటర్‌కు. ఆమె ఏదో కాపలా ప్రోగ్రాం వేసుకుంది. తాను ఏమీ ముట్టుకోకుండా ఉన్నప్పుడు కూడా తన కంప్యూటర్ దగ్గర ఎవరిదో తెలియని నెంబరుతో మాటలు నడుస్తున్నాయని అది చూపిస్తోంది. కింద ఉన్న ముసలాయన వింటున్నాడని ఆమెకు అనుమానం. ఎల్లుండి ఖాళీ చేస్తానని చెప్పిందట.

"పోతే పోనీ. ఇంకెవలన్న వస్తరు" అన్నాడు. "గని నేను వింటున్ననని అనుకుంట పోతది. ఆ మాట నాకు వద్దు. నేను వినలేదని నేను చెప్తే ఎవలు నమ్ముతరు? నువ్వు చూసి చెప్పు."

నేను వెళ్ళాను. సాయం చేయడానికి కాదు, పట్టుకోవడానికే వెళ్ళాను. ఇరవై ఏళ్ళ కింద బాపుకు దొరకని రుజువు నాకు దొరుకుతుందని ఉత్సాహంగానే స్కూటీ తీశాను.

ముందు పైకి వెళ్ళాను. లెక్చరరమ్మ తలుపు దగ్గరికి వేసి, రూళ్ళ కాగితం ఒకటి చేతికిచ్చింది. టైములు రాసి పెట్టింది. ప్రతి టైము పక్కనా ఒకటే నెంబరు, 239.255.255.250.

"చూడక్కా, రెండు మూడు నిమిషాలకోసారి పోతది. నేను వంట చేసుకుంటున్నప్పుడు గూడ పోతది. ఎవరన్న వింటున్నరేమో అని మా కాలేజీల కంప్యూటర్ సార్ అన్నడు. ఈయన టెలిఫోన్‌ల చేసిండట గద." గొంతు ఇంకా తగ్గించింది. "నేను ఒకరితోని మాట్లాడుతున్న. చేసుకుందామనుకుంటున్నం. మా ఇంట్ల ఇప్పుడే తెలిసిందంటే నన్ను కాలేజీ మాన్పిస్తరు."

ఆ మాటతో నాకు మా అక్క గుర్తొచ్చింది. ఈసారి వదిలిపెట్టకూడదు అనుకున్నాను.

కిందికి వచ్చి, ఆయన టీ పెట్టడానికి వంటింట్లోకి పోగానే ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సందు సందూ వెతికాను. వినే ప్రోగ్రాంలు ఏమైనా దాచాడా, ఆమె మాటలు ఎక్కడైనా పోగేశాడా అని. పాటలు ఉన్నాయి. ఒక్కో అక్షరం పెసరగింజంత. తప్పుపడ్డ చోట దిద్దుకున్న గుర్తులు ఉన్నాయి. అంతే. ఆయన రెండు గ్లాసులతో గుమ్మంలోనే ఆగి, నేను వెతకడం పూర్తయ్యేదాకా నిలబడ్డాడని తర్వాత తెలిసింది. టీ పైన మీగడ కట్టింది.

అయినా నాకు అనుమానం తీరలేదు. ఆయన కంప్యూటర్‌ను పూర్తిగా ఆపేశాను. దాని వైరు కూడా రెండు వైపులా పీకి చేతిలో పట్టుకున్నాను. ఇద్దరినీ వెంటబెట్టుకుని పైకి వెళ్ళి, ఆమె కంప్యూటర్‌లో నా దగ్గరున్న ఒక ప్రోగ్రాం వేశాను. అది వైరు మీద పోయే ప్రతి చిన్న మాటకూ ఎవరి నుంచి, ఎవరికి అని వరసగా చూపిస్తుంది. ఇప్పుడు ఆ నెంబరు రాకపోతే దొంగ ఈయనే.

మూడు నిమిషాలు ముగ్గురం తెర వైపు చూస్తూ కూర్చున్నాం. నెంబరు వచ్చింది.

ఆయన వైరు నా చేతిలోనే ఉంది. అయినా వచ్చింది. అప్పుడు గానీ నాకు 'ఎవరికి' అన్న గడి పక్కనున్న 'ఎవరి నుంచి' అన్న గడిని చూడాలని తట్టలేదు. అంతసేపూ మాటలు ఎవరికి పోతున్నాయా అనే చూశాను, ఎవరు మాట్లాడుతున్నారో చూడలేదు. మాట్లాడుతున్నది ఆమె కంప్యూటరే. మధ్యమధ్యలో కింద ఉన్న డబ్బా కూడా. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

"నీ కంప్యూటరే అమ్మా" అన్నాను. "ఈ ఇంట్ల ప్రింటర్ ఉన్నదా, ఇంకేమన్న సామాను ఉన్నదా అని అదే అడుగుతున్నది. నేనున్న అని డబ్బా గూడ అప్పుడప్పుడు చెప్పుకుంటది. కొనేటప్పుడే దాంట్ల ఆ అలవాటు పెట్టి ఇస్తరు. నువ్వు రాసే మాటలు దాంట్ల పోవు."

"మరి ఆ నెంబరు ఎవరిదక్కా?"

"ఎవ్వరిదీ కాదు. ఒక్క ఇంటికి ఇచ్చే నెంబరు కాదది. దాని మీద మాట్లాడితే, వింటమని చెవి పెట్టిన యంత్రాలన్ని వింటయి. మన ఇల్లు దాటి పోదు."

ఆమెకు సగమే అర్థమైనట్టుంది. నా వెనక నుంచి ఆయన గొంతు మెల్లగా వినిపించింది. "పి.పి. నెంబరు."

లెక్చరరమ్మకు తెలియదు, ఆ వయసు వాళ్ళకు ఎట్లా తెలుస్తుంది? ఇంట్లో ఫోను లేనివాళ్ళు పక్కింటివాళ్ళదో, దుకాణంవాడిదో నెంబరు ఇచ్చుకుని, పక్కన పి.పి. అని రాసుకునేవాళ్ళు. పెళ్ళి కార్డుల మీద కూడా అట్లాగే అచ్చయ్యేది. ఫోను వస్తే వాళ్ళు పిలుస్తారు, మనం ఉరికిపోయి మాట్లాడాలి. ఆయన ఆమెకు అదంతా వివరించి, చెవి తమ్మె పట్టుకుని ఇంకో మాట అన్నాడు.

"వైర్ల ఎవలు వినాల్సిన పని లేదు బిడ్డా. పి.పి. ఫోను ఎత్తినోడు పెద్దగ మాట్లాడితే, దుకాణంల ఉన్నోళ్ళంత వింటరు."

ఆ మాట ఆయన ఆ అమ్మాయితో అన్నాడు. తగిలింది మాత్రం నాకు.

మా ఇంట్లో ఫోను లేదు. మా పి.పి. నెంబరు గల్లీ చివర కిరాణా సేటుది. ఆ సాయంత్రం ఫోను వచ్చిందని సేటు కొడుకు వచ్చి చెబితే బాపు ఉరికాడు, ఆయన వెనక నేనూ ఉరికాను. పిప్పరమెంటు కొనిస్తాడని. చెరుకు సీజను, దుకాణం నిండా మనుషులు. లైను సరిగా లేదు. బాపు ఒక చెవి మూసుకుని, కాక చెప్పిన ప్రతి మాటనూ మళ్ళీ పెద్దగా అన్నాడు. "ఏందీ? ఫిట్సా? మందులు మూడేండ్లా? పెండ్లికి ముందు చెప్పొద్దా?" సేటు తూకం వేస్తూ వేస్తూ తక్కెడ పట్టుకుని ఆగిపోయాడు. నూనె సీసా పట్టుకుని నిలబడ్డ ఒక ఆమె సీసా కింద పెట్టి మరీ విన్నది. ఆమె చెల్లెలిని ఏర్గట్లలో ఇచ్చారు. ఇవన్నీ నేను చూశాను. నా చేతిలో పిప్పరమెంటు ఉంది. ఇరవై ఏళ్ళు వీటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలని నాకు తోచలేదు. దొంగ దొరికాడని ఇంట్లో అందరూ అన్నాక ఇంకెవరు వెతుకుతారు?

నా చేతులు వాటి పని అవి చేశాయి. ఆమె కంప్యూటర్‌లో ఆ అడిగే అలవాటును ఆపేశాను. కిందికి వచ్చి డబ్బాలోనూ, ఆయన దాంట్లోనూ ఆపేశాను. మళ్ళీ చూస్తే తెర మీద ఆ నెంబరు లేదు. లెక్చరరమ్మ తల దించుకుని, సారీ సార్ అన్నది.

"నువ్వు అనుమానపడుట తప్పు కాదు బిడ్డా. వైరు నా ఇంట్లకెళ్ళే పోతది గద" అన్నాడు ఆయన. ఆ తర్వాత నా వైపు తిరిగి, "డబ్బా పైన ఆమె అర్రల పెట్టుటానికి వస్తదా? ఆడికెళ్ళి నాకు వైరు కిందికియ్యి. వినాలంటే ఆమెనే నన్ను విననీ" అన్నాడు. ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే. ఆ వారమే తెలిసిన లైన్‌మన్‌ను పిలిచి ఫోను వైరు పైకి లాగించాడు, నేను డబ్బా పైన బిగించాను. ఆమె ఖాళీ చేయలేదు. పెళ్ళయ్యాక భర్త కూడా ఆ గదిలోకే వచ్చాడు.

ఆ నెంబరు సంగతి తేలిన రోజే, పని అయ్యాక, నేను స్కూటీ దగ్గర నిలబడి స్టార్ట్ చేయలేకపోయాను. గేటు పట్టుకుని ఆయన నిలబడ్డాడు.

"సార్, బోధన్ల ఒక ట్రంక్ కాల్. హైదరాబాద్ నుంచి. కిరాణా దుకాణానికి పి.పి. కాల్. ఎవలో గుమ్మంల నిలవడి మిమ్మల్ని తిట్టిండ్రు. ఆ కాల్ మీరే కలిపిండ్రా?"

ఆయన చెయ్యి చెవి దగ్గరికి పోయింది. "శానా కాల్స్ కలిపిన బిడ్డా. ఒక్కటి యాదిల లేదు."

"దుకాణంల అందరు విన్నరని ఆ రోజే చెప్పొచ్చు గద సార్. ఎందుకు తిట్లు పడ్డరు?"

"గట్ల చెప్తే, నేను విన్నట్టే గద" అన్నాడు.

నేను స్టార్ట్ చేశాను. బండి కదిలేలోపు ఆయన ఒక అడుగు ముందుకు వచ్చి, ఎన్నడూ లేనిది తానే ఒక మాట అడిగాడు.

"మీ అక్క మంచిగున్నదా?"

నాకు అక్క ఉందని నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. మంచిగున్నది సార్, మోస్రాలో టీచరు, ఇద్దరు పిల్లలు అన్నాను. తల ఊపి గేటు వేసుకున్నాడు. ఇంటికి వచ్చేదాకా ఏడ్చాను. మా అక్క కోసమా, ఆయన కోసమా అంటే ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత మూడేళ్ళు దుకాణానికి వచ్చేవాడు, ఫోను మోగితే పోయేవాడు. మేము ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. బాపుకు కూడా నేను చెప్పలేదు. ఆయన చెప్పనిది నేనెందుకు చెప్పాలి అని నాకు నేనే పెద్దరికం తగిలించుకున్నాను గానీ, అసలు సంగతి భయం. అక్కకు పిల్లలు పుట్టేదాకా ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉపవాసం ఉన్న మనిషితో, ఆ సంబంధం చెడగొట్టింది నీ గొంతే అని ఎట్లా చెప్పను?

మంగళవారం సమాధుల తోటలో ఆయనకు మట్టి ఇచ్చారు. ఆయన కొట్టిన పాటల కాగితాలే అందరి చేతుల్లో ఉన్నాయి. అద్దాలు తెచ్చుకోని ముసలివాళ్ళు కూడా చూసి పాడారు. పాట అయ్యాక నేను గేటు దాటి రోడ్డు మీదికి వచ్చి బాపుకు ఫోను చేశాను. బాపు బోధన్‌లో చాయ్ హోటల్లో ఉన్నాడు. గ్లాసుల చప్పుడు, నలుగురి మాటలు వినిపిస్తున్నాయి. బోధన్ ఎక్స్‌చేంజి ఆపరేటర్ పోయాడని చెప్పాను.

"ఎవలూ, ఆ చెవులోడా? మీ అక్క సంబంధం చెడగొట్టినోడు గద!"

హోటల్లో మాటలు ఆగిపోయాయి. నాకు వినిపిస్తూనే ఉంది.

"ఆయన కాదు బాపు."

"మరి ఎవలు?" అని ఇంకా గట్టిగా అడిగాడు.

"రేపు పొద్దుగాల బస్సుకు వస్తున్న. ఇంట్ల కూసోని చెప్త" అన్నాను. "జర మెల్లగ మాట్లాడు బాపు."